ఇంటిగుట్టు

'ఇంటిగుట్టు లంకకు చేటు' అను సామెత తెలుగువారి నోట తఱచుగా వినబడును. ఇంటిలోని మాట వెలికి పొక్కినచో లంకవంటి మహానగరమునకైనను కీడు తప్పదని పెద్దల భావము. పూర్వము ఇంటి మాటను మోసికొనిపోవువారు మనుష్యులే. నేడో, మన మాటలను వినుటకే నిర్మింపబడిన యంత్రములు గృహములలోనికి వచ్చియున్నవి. వాని విషయము తెలిసికొనుటకు ముందు, నా అనుభవమునందలి ఒక చిన్న సంగతి చెప్పెదను.

నేను ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో కోనసీమలోని ఒక పల్లెయందు పనిచేయుచుంటిని. ఆ ఊరివారు పలువురు కువైటు మొదలగు దేశములకు పనికై పోయియుండిరి. వారియొద్దనుండి ఉత్తరము వచ్చినపుడు, చదువురాని తల్లులు దానిని తీసికొని బడికి వచ్చెడివారు. ఒకనాడు ఒక వృద్ధురాలు ఉత్తరము చేతబట్టుకొని, పిల్లలందఱును ఇండ్లకు పోవువఱకు అరుగుమీద కూర్చుండెను. పిదప, "పంతులుగారూ! కాస్త చదివిపెట్టండి" అనెను. తనకు చెప్పిన ఉద్యోగము దొరకలేదనియు, ఎడారిలో మేకలు కాయుచున్నాననియు, ఈ మాట తన భార్యకు తెలియనీయవలదనియు కుమారుడు వ్రాసియుండెను. ఆమె కన్నులు తుడుచుకొని, "ఇది మన ఇద్దరి మధ్యనే ఉండాలి బాబూ" అని వెడలిపోయెను.

ఆ మాటను నేను మా ఇంటిలోనైనను చెప్పలేదు. ఇందులో నా గొప్ప యేమియు లేదు. ఆమె నన్నెఱుగును, నేనామె నెఱుగుదును. నేను నోరు జాఱినచో మఱునాడు ఆమె మొగము చూడవలసినవాడను. ఆ సిగ్గే ఆమె రహస్యమునకు కావలి.

ఇక యంత్రముల మాట. 2011లో ఆపిల్ సంస్థ తన ఫోనునందు 'సిరి' అను మాటల సహాయకురాలిని ప్రవేశపెట్టెను. 2014లో అమెజాన్ సంస్థ 'ఎకో' అను స్పీకరును వెలువరించెను. దానిలో పలుకునది 'అలెక్సా'. 2016లో గూగుల్ సంస్థయు ఇట్టి సహాయకుని నిర్మించెను. 2017లో ఎకో మన దేశమునకు వచ్చెను. పాట వినిపింపుమన్నను, లెక్క చెప్పుమన్నను, దీపమార్పుమన్నను ఇవి చేయును. చూపులేనివారికిని, చేతులు స్వాధీనములో లేనివారికిని, అక్షరములు రానివారికిని వీనివలన కలుగు మేలు తక్కువది కాదు.

ఇవి పనిచేయు విధమును శ్రద్ధగా గ్రహింపవలెను. మొదటి ఎకో యంత్రమునందు 7 మైకులు కలవు. యంత్రమునకు మేలుకొలుపు మాట యొకటి యుండును. ఆ మాట కొఱకు అది ఎల్లప్పుడును చెవియొగ్గియుండును. కాని విన్నదంతయు బయటికి పంపదు. పిలుపు కాని మాటలను వెంటవెంటనే చెరిపివేయుచుండును. పిలుపు వినబడినంతనే దీపము వెలుగును. అప్పటినుండి పలికిన మాటలు ఇంటర్నెట్టు ద్వారా ఎచ్చటనో యున్న సంస్థవారి కంప్యూటరులకు చేరును. అచ్చట వాని అర్థము గ్రహింపబడి, సమాధానము తిరిగి వచ్చును. కావున ఎల్లప్పుడు వినుట వేఱు, ఎల్లప్పుడు పంపుట వేఱు. ఈ భేదము తెలియక కొందఱు లేనిపోని భయము పొందుదురు. మఱికొందఱు ఏ భయమును లేక యుందురు. రెండును తగవు.

అట్లయినచో చిక్కు ఎక్కడ నున్నది? యంత్రము పొరబడుటయందున్నది. 2018లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరమున భార్యాభర్తలు తమ యింటి చెక్కనేలను గూర్చి మాటలాడుకొనుచుండిరి. కొంతసేపటికి సియాటిల్ నగరమునుండి, ఆ భర్తయొద్ద పనిచేయు ఉద్యోగి ఫోనుచేసి, "మీ యంత్రమును వెంటనే ఊడదీయుడు. మీ మాటలు నాకు చేరినవి" అని చెప్పెను. అమెజాన్ సంస్థ దీనికి కారణము వివరించినది. మాటల నడుమ ఏదో శబ్దము 'అలెక్సా' అన్నట్లు వినబడి యంత్రము మేలుకొన్నది. మఱొక మాట 'సందేశము పంపుము' అన్నట్లు తోచినది. 'ఎవరికి?' అని అది యడిగినది. ఆ సంభాషణలోని ఒక మాట పరిచితుని పేరుగా వినబడినది. 'ఆయనకేనా?' అన్న ప్రశ్నకు సైతము 'అవును' అన్న జవాబు విన్నట్లు భావించినది. నాలుగు పొరపాట్లు వరుసగా కూడివచ్చుట అరుదే. ఐనను అట్టిది జరిగినది.

మఱొక చిక్కు కలదు. బాలుడు వ్రాసిన చూచిరాతను గురువు దిద్దినట్లు, యంత్రము సరిగా విన్నదో లేదో మనుష్యులే కొన్ని మాటలను విని సరిచూచుచుండిరి. 2019 ఏప్రిలులో అమెజాన్ సంస్థ విషయమున ఈ సంగతి పత్రికలలో వెల్లడి యయ్యెను. అట్లు వినువారు మన దేశమునందును కలరని ఆ వార్తలు తెలిపినవి. అదే సంవత్సరము జూలైలో బెల్జియము దేశపు ప్రసారసంస్థ, గూగుల్ సహాయకుడు నమోదు చేసిన వేయికి పైగా మాటల ముక్కలను విని పరిశీలించెను. వానిలో 153 ఎవరును పిలువకయే నమోదైనవి. ఆపిల్ సంస్థవారి కొఱకు పనిచేయువారును సిరి విన్న మాటలను వినుచుండిరని ఆ నెలలోనే తెలిసెను. ఆగస్టులో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, ఇకమీదట అనుమతి నిచ్చినవారి మాటలనే విందుమని ప్రకటించెను.

పిల్లల మాటల విషయము మఱింత గంభీరమైనది. పిల్లల పలుకులను హద్దులేని కాలము దాచియుంచినదనియు, తల్లిదండ్రులు తుడిచివేయుమని కోరినను పూర్తిగా తుడువలేదనియు అమెరికా ప్రభుత్వము అమెజాన్‌పై అభియోగము మోపెను. ఆ సంస్థ తప్పును అంగీకరింపలేదు గాని, 2023లో రెండున్నర కోట్ల డాలరులు చెల్లించుటకు సమ్మతించెను.

ఆ వృద్ధురాలి ఉత్తరమును ఇప్పుడు తలచుకొనుడు. ఉత్తరము చదివిన పంతులును ఆమె ఎఱుగును. అతనిని ఎన్నుకొన్నది ఆమెయే. దూరదేశమున కూర్చుండి మన మాట వినువానిని మనము ఎన్నుకొనలేదు. అతడు దుర్మార్గుడు కానక్కఱలేదు. తన పని తాను చేయుచుండవచ్చును. కాని మన మొగము చూడవలసిన అవసరము అతనికి లేదు. సిగ్గు కావలి కాయని చోట చట్టము కావలి కాయవలెను.

మన దేశమున 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఒక తీర్పు చెప్పిరి. పౌరుని వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని దాని సారాంశము. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున ఈ తీర్పు వెలువడెను. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసెను. 18 సంవత్సరములు నిండని వారి సమాచారమును గైకొనుటకు ముందు తల్లిదండ్రుల అనుమతి పొందవలెనని అందు కలదు.

చట్టమున్నను మన జాగ్రత్త మనకు వలయును. స్పీకరు యంత్రములందు మైకును ఆపు మీట సాధారణముగా ఉండును. ముఖ్యమైన మాటలప్పుడు దానిని నొక్కవలెను. నమోదైన మాటలను ఫోనులో చూచి తుడిచివేయు వీలును పలు సంస్థలు కల్పించినవి. దానిని అప్పుడప్పుడు వాడవలెను. ఒకసారి చేసిన ఏర్పాటు ఎల్లకాలము నిలుచునని నమ్మరాదు. అమెరికాలోని కొన్ని ఎకో యంత్రములందు మాటలను బయటికి పంపకుండ ఉంచుకొను వీలుండెడిది. 2025 మార్చిలో ఆ వీలు తొలగింపబడెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి. యంత్రమును కొన్నవాడు దాని షరతులకు సమ్మతించియుండవచ్చును. అతని యింటికి వచ్చిన అతిథి సమ్మతించెనా?

ఇటీవల నేను మా బంధువుల యింటికి పోయియుంటిని. పొరుగింటి ముసలమ్మ వచ్చి, అత్తవారింట తన కూతురు పడు కష్టములను గొంతు తగ్గించి చెప్పుచుండెను. ఆ నడుమ, ఎవరును పిలువకయే, బల్లమీది స్పీకరు దీపము వెలిగెను. ఆమె దానిని గమనింపలేదు. పెద్దలమును గమనింపలేదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ యింటి బాలిక మాత్రము లేచిపోయి దాని తీగను ఊడదీసి వచ్చి, "మామ్మగారూ! అది వింటోంది. ఇప్పుడు చెప్పండి" అనెను.

ముసలమ్మ ఒక క్షణము ఆ యంత్రమువంకను, ఒక క్షణము ఆ బాలికవంకను చూచెను. పిదప తన మాటను కొనసాగించెను. నలువది ఏండ్ల క్రిందట నా బడి అరుగుమీద కూర్చున్న తల్లి నాకప్పుడు జ్ఞాపకము వచ్చినది. యంత్రములు మాఱవచ్చును. మనలను నమ్మి మన యింట చెప్పిన మాటను కాపాడు బాధ్యత మాత్రము మాఱలేదు.

ప్రశ్నలు

1. ఎల్లప్పుడు వినుటకును, ఎల్లప్పుడు పంపుటకును గల భేదమేమి?
2. పోర్ట్‌లండ్ నగరమున జరిగిన సంఘటనలో యంత్రము ఏయే పొరపాట్లు చేసినది?
3. ఉత్తరము చదివిన పంతులునకును, యంత్రము వెనుకనుండి వినువానికిని గల తేడాను వివరింపుము.
4. మీ యింటికి వచ్చిన అతిథి మాటను కాపాడుటకు నీవేమి చేయుదువు?