అప్పు నీ కౌంటరు దగ్గరే పుట్టాలి

నరసరావుపేట,
11 జనవరి 2026.

చిరంజీవి శ్రావణికి,

పర్చూరు శాఖలో ఆఫీసరుగా చేరావని మీ నాన్న ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీ పెద్దమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంటూనే ఉంది. నేను పనిచేసిన గుంటూరు వైపు గ్రామీణ బ్యాంకు, మీ ప్రకాశం వైపుది, రాష్ట్రంలోని మరో రెండూ కలిసి నిరుడు మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒక్కటయ్యాయి. కాబట్టి ఇప్పుడు మనిద్దరిదీ ఒకే సంస్థ. ఆ చనువుతోనే నాలుగు మాటలు రాస్తున్నాను.

డబ్బు కదలడం ఎంత తేలికైందో అక్కడ రోజూ చూస్తూనే ఉంటావు. ఆదోని, కోసిగి నుంచి మిరప కోతలకు వచ్చిన కూలీలు చేతికందిన డబ్బు ఆ పూటే ఫోన్లో ఇంటికి పంపిస్తున్నారు. పురుగుమందుల కొట్లో, టీ బంకు దగ్గర, ఎక్కడ చూసినా స్కానర్ అట్టలే. 2016లో మొదలైన యూపీఐలో నిరుడు ఆగస్టులో తొలిసారిగా ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ఇది మన దేశం సాధించిన గొప్ప పని. కానీ తల్లీ, డబ్బు కదలడం తేలికైనంతగా అప్పు పుట్టడం తేలిక కాలేదు. అందులోనూ కౌలు రైతుకి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే.

ఈ కోతలు అయ్యేలోపే నీ ముందుకు ఒక మనిషి వస్తాడు. బట్టలకు మిరప ఘాటు పట్టి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్ కార్డు, ఎరువుల బిల్లులు, యార్డులో కమీషన్ కొట్టువాళ్లు రాసిచ్చిన పట్టీ. పాసుపుస్తకం మాత్రం ఉండదు. పొలం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామిది. ఆ సర్వే నంబరు మీద ఆసామి ఇప్పటికే పంట రుణం తీసుకుని ఉండొచ్చు కూడా. మన రాష్ట్ర 2019 చట్టం ప్రకారం కౌలుదారుకి పదకొండు నెలల సాగు హక్కు కార్డు వస్తుంది, కానీ దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం ఎక్కడ చేజారుతుందోనని చాలామంది పెట్టరు. సేద్యం ఒకరిది, రుణం ఇంకొకరిది. మన పల్నాడు, ప్రకాశం మెట్టల్లో పెద్ద చిక్కు ఇదే.

మనం లేదు పొమ్మంటే అతను ఎక్కడికి పోతాడు? ఎరువుల కొట్టుకో, కమీషన్ కొట్టుకో పోతాడు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి 36,000. అదే లక్ష మన దగ్గర పంట రుణంగా తీసుకుని గడువులోగా కడితే నాలుగు శాతం, అంటే 4,000. తేడా 32,000. 2025 ఫిబ్రవరిలో మిరప ధర కూలిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఖరారు చేసిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ఆ లెక్కన రెండున్నర క్వింటాళ్లకు పైగా కాయ వడ్డీ తేడా కిందే పోయింది. దీనికి తోడు అప్పిచ్చిన కొట్టుకే సరుకు వేయాలి, అతను అమ్మమన్నప్పుడే అమ్మాలి. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం నాలుగు నెలలు ఆగే వీలు ఆ రైతుకి ఉండదు. అప్పు ఎక్కడ పుట్టిందన్నదాన్ని బట్టే పంటకి ఎంత పలుకుతుందో తేలుతుంది. నల్లతామర పురుగు చేలను తినేసిన 2021-22లో అలా అప్పుల్లో కూరుకుపోయి ఇప్పటికీ తేరుకోనివాళ్లు మన చుట్టూ ఉన్నారు.

ఇప్పుడు ఆ కౌలు రైతు ఇంటి పిల్లాడి చేతిలో ఫోను ఉంది. అప్పు ఇచ్చే యాప్ పాసుపుస్తకం అడగదు, సంతకమూ అడగదు. మనం రోజుల తరబడి తిప్పే పనిని అది నిమిషాల్లో చేసేస్తుంది. జనం దానివైపు పోవడానికి కారణం అదేనని మనం ఒప్పుకోవాలి. 2021 మొదట్లో రిజర్వు బ్యాంకు కమిటీ వెతికితే దాదాపు 1,100 రుణ యాప్‌లు కనిపించాయి. అందులో 600 దాకా చట్టవిరుద్ధమైనవే. ఫోన్లో నంబర్లున్న చుట్టాలందరికీ ఫోన్లు చేయడం, ఫొటోలు మార్చి పంపడం, ఆ అవమానం భరించలేక మన రాష్ట్రంలో యువకులు ప్రాణాలు తీసుకోవడం, ఇవన్నీ పేపర్లలో చదివాం. 2010లో మైక్రోఫైనాన్స్ వారం వాయిదాల వాళ్లు ఆడవాళ్ల గుమ్మాల ముందు కూర్చున్నప్పుడూ ఇదే జరిగింది. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పుడు వాకిట్లో జరిగిన పరువు తీత ఇప్పుడు ఫోన్లో జరుగుతోంది.

నియమాలు లేవని కాదు. 2022 సెప్టెంబరు నుంచి రుణ యాప్ ఎవరి కాంటాక్టులూ, ఫొటోలూ చూడకూడదు. డబ్బు నేరుగా రుణదాత ఖాతా నుంచి అప్పు తీసుకునేవాడి ఖాతాలోకే పడాలి. 2024 అక్టోబరు నుంచి బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా రిటైల్ రుణాలు ఇచ్చేటప్పుడు ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో కాగితం మీద రాసి ఇవ్వాలి. అయితే రాసివ్వడంతో సరిపోదు. చదివి వినిపించు.

ఇక నీ పని. పంట రుణాల నిబంధనల్లో నోటిమాట కౌలుదారులు కూడా అర్హులేనని స్పష్టంగా ఉంది. కార్డు లేదని తిప్పి పంపకు. అదే ఊళ్లో సాగు చేసే మరికొందరితో కలిపి జాయింట్ లయబిలిటీ గ్రూపు కట్టించు. నిరుడు జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదు. కాబట్టి 'బంగారం తెస్తే చూద్దాం' అన్న మాట నీ నోట రాకూడదు. ఆ ఇంట్లో ఉన్న బంగారం పుస్తెలతాడు ఒక్కటే అయి ఉంటుంది. కాయితాలు చూసి ఊరుకోకుండా చేను చూసి రా. చేలో నిలబడితే ఎవరు సాగు చేస్తున్నారో, ఎవరు చేయడం లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఫోన్లో డబ్బు పోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే మధ్యాహ్నం రమ్మనకు. అప్పటికప్పుడు 1930కి ఫోన్ చేయించి, ఫిర్యాదు రాయించుకో. తన తప్పు లేకుండా మోసపోయినవాడు మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెబితే నష్టం అతని మీద పడదని 2017 నుంచీ రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆలస్యమైతే ఆ రక్షణ తగ్గిపోతుంది. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదని నీ కౌంటరు దగ్గరకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పు.

టార్గెట్లు ఉంటాయి, పై నుంచి ఒత్తిళ్లు ఉంటాయి. బాకీలు మొండి అవుతాయన్న భయమూ సబబే. కానీ చేతిలో పొలం కాగితం లేకపోయినా ఏటా పంట పండించి అప్పు తీర్చే మనిషిని మనం నమ్మకపోతే, అతన్ని నమ్మడానికి ఎక్కువ వడ్డీవాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు. వచ్చే ఖరీఫ్‌కి నీ శాఖ పరిధిలో కౌలు గ్రూపులు ఎన్ని కట్టావో నాకు ఉత్తరం రాయి. సంక్రాంతికి తప్పకుండా రా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న