సూక్ష్మతరంగములు

కుంపటిపై నుంచిన గిన్నెలోని నీరు ఒక్కమారుగా వేడెక్కదు. నిప్పు ముందుగా గిన్నె అడుగును కాల్చును. అడుగు తన నంటియున్న నీటిని కాచును. ఆ నీరు పైకి లేవగా చల్లని నీరు క్రిందికి దిగి, కొంతసేపటికి గిన్నెలోని నీరంతయు కాగును. వంటవానికి వలెనే రసాయన శాస్త్రజ్ఞునకును తరతరములుగా ఇదియే పద్ధతి. అతడు గాజుకుప్పెను నూనెతొట్టిలో నుంచి గంటల తరబడి కనిపెట్టుకొని యుండెడివాడు. అడుగున మాడుట, పైన కాగకుండుట అతనికిని తప్పని బాధయే.

వేరొక మార్గము యుద్ధావసరము నుండి పుట్టినది. 1940వ సంవత్సరమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున జాన్ రాండల్, హ్యారీ బూట్ అనువారు మాగ్నెట్రాన్ అను పరికరమును మునుపెన్నడును లేనంత శక్తిమంతముగా నిర్మించిరి. దాని నుండి వెలువడు సూక్ష్మతరంగములు, అనగా మైక్రోవేవులు, శత్రువిమానముల జాడ తీయు రాడారునకు ప్రాణమయ్యెను. అమెరికాలో రేథియాన్ సంస్థ ఈ మాగ్నెట్రానులను తయారుచేయుచుండెను. అచట పనిచేయు పెర్సీ స్పెన్సర్ బాల్యముననే చదువు మాని మిల్లులో కూలికి కుదిరినవాడు. తరువాత స్వయంకృషిచే ఇంజనీరైనవాడు. 1945లో పనిచేయుచున్న మాగ్నెట్రాను చెంత నిలిచియుండగా అతని జేబులోని మిఠాయి కరిగిపోయెనని చెప్పుదురు. అట్టి మిఠాయిలు ఇతరుల జేబులలోను కరిగియుండవచ్చును; కాని కారణ మడిగినవాడు స్పెన్సర్. అతడు మొక్కజొన్న గింజలను తెప్పించి ఆ తరంగముల యెదుట నుంచగా అవి పేలాలయ్యెను. 1947 నాటికి అమ్మకమునకు వచ్చిన మొదటి మైక్రోవేవ్ పొయ్యి ఇంచుమించు నిలువెత్తు మనిషి యంత పొడవైనది.

నిప్పు లేకుండ వేడి యెట్లు పుట్టును? నీటి అణువునకు ఒక కొన ధనవిద్యుత్తు, వేరొక కొన ఋణవిద్యుత్తు కొంచెముగా కలవు. ఇంటి పొయ్యిలోని తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. దాని విద్యుత్ క్షేత్రము క్షణమునకు 245 కోట్ల పర్యాయములు కంపించును. ఆ క్షేత్రము వెంట తిరుగబోవు అణువు దానితో సమానముగా తిరుగలేక వెనుకబడుచు, ప్రక్కనున్న అణువులతో ఒరసికొనును. ఆ ఒరపిడియే వేడి. గాజు, పింగాణి ఈ తరంగములను తమ గుండ పోనిచ్చును, లోహము త్రిప్పికొట్టును. రెండు విద్యుత్తుల తేడా లేని హెక్సేను వంటి ద్రవము ఇంచుమించు చల్లగనే యుండును. కావున ఇచట పాత్ర కాక, అందలి పదార్థమే ముందు వేడెక్కును.

1986లో కెనడాయందు గెడై బృందమును, అమెరికాయందు గిగ్యురే, మాజెటిచ్ బృందమును సామాన్యమైన వంటింటి పొయ్యిలలోనే కర్బన రసాయన చర్యలను జరిపించిరి. బెంజమైడును బెంజోయికామ్లముగా మార్చుటకు మామూలుగ గంట పట్టుచుండగా, గెడై బృందమునకు 10 నిమిషములు చాలెను. మూసిన పాత్రలలో ఒత్తిడి పెరిగి ప్రేలుడు సంభవించు ప్రమాద ముండుటచేత, ఉష్ణోగ్రతను, ఒత్తిడిని సదా కొలుచు ప్రత్యేక యంత్రములు పిమ్మట వచ్చెను. వంటింటి పొయ్యిలో ఇట్టి ప్రయోగములు ఎన్నడును చేయరాదు.

ఈ వేగమును చూచి కొందరు, తరంగములకు వేడికి మించిన ఏదో విశేషశక్తి కలదని తలచిరి. ఈ వివాదము చాలకాలము నడచినది. 2009లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ విశ్వవిద్యాలయమున కప్పె బృందము సిలికాన్ కార్బైడు పాత్రలను చేయించి పరీక్షించెను. ఆ పాత్ర తరంగములను తానే మ్రింగి, లోపలి ద్రవమునకు వేడిని మాత్రమే అందించును. అయినను ఒకే ఉష్ణోగ్రతయందు గాజుపాత్రలోను, ఇందులోను ఫలితములు ఒకే తీరుగ వచ్చెను. అనగా పనిచేసినది వేడియే. దీని లెక్క సులభము. మిథనాలు తెరచిన పాత్రలో 65 డిగ్రీల వద్ద మరగును. మూసిన పాత్రలో దానిని 125 డిగ్రీల వరకు కాచినచో 60 డిగ్రీలు పెరిగినట్లు. ప్రతి 10 డిగ్రీలకు వేగము రమారమి రెట్టింపగునను స్థూల సూత్రము ప్రకారము ఆరు మారులు రెట్టింపై 64 రెట్లగును. విశేషశక్తి యను మాట వినసొంపుగనే యున్నది. కాని ప్రయోగము దానిని నిలువనీయలేదు.

వైద్యమున కూడ ఈ వేడి ఉపయోగపడుచున్నది. కాలేయములో పుట్టిన కంతిలోనికి సూదివంటి ఏంటెన్నాను చొప్పించి, అందుండి తరంగములను వదలి ఆ కంతిని కాల్చివేయుదురు. 60 డిగ్రీలు దాటిన పిదప జీవకణములు క్షణములలో నశించును.

ఇంతకంటె నిశ్శబ్దమైన మేలు వ్యాధినిర్ణయశాలలో జరిగినది. రోగి శరీరము నుండి తీసిన కండముక్క కుళ్లకుండుటకు దానిని ఫార్మాలినులో నానబెట్టి మైనములో నిలువచేయుదురు. కాని ఫార్మాలిను మాంసకృత్తులను ఒకదానితో నొకటి బిగించివేయును. ప్రతిరక్షకములతో వెదకినను కావలసిన మాంసకృత్తు చిక్కదు. రొమ్ముక్యాన్సరు కలిగిన స్త్రీ కంతిలో ఈస్ట్రోజెన్ గ్రాహకము ఉన్నదా లేదా యని తెలిసిననే ఏ మందు పనిచేయునో వైద్యుడు నిర్ణయింపగలడు. ఉన్నది లేదనిపించినచో ఆమెకు తగిన మందే అందదు. ఆ బంధములు తీవ్రమైన వేడికి వీడునని 1940వ దశకముననే ఫ్రాంకెల్-కాన్రాట్ ప్రభృతులు కనుగొనియుండిరి. ఆ వ్రాతలు గ్రంథాలయములలో పడియుండెను. వాటిని చదివిన షీ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి, కండపొరను లవణ ద్రావణములో ముంచి మైక్రోవేవ్ పొయ్యిలో కాచి చూచెను. దాగిన మాంసకృత్తులు బయటపడెను. 1991లో ఈ ఫలితము ప్రకటింపబడినది. ఇచటను పని వేడిదే యగుటచే, తరువాత కొందరు ప్రెషర్ కుక్కరుతోను అదే ఫలితమును సాధించిరి. ఆసుపత్రుల బీరువాలలో ఏండ్ల తరబడి నిలువయున్న మైనపు ముక్కలను సైతము మరల తీసి పరీక్షించుట అప్పటి నుండి సాధ్యమైనది.