ఆకు కత్తిరించు తేనెటీగ: గూటికి ఆకు ఎందుకు?

కంది చేలో, గులాబి తోటలో కొన్ని ఆకుల అంచున కత్తెరతో తీసినట్లు నున్నని గుండ్రటి కోతలు కనిపించును. పురుగు తినినదని తలచి మీరు వెంటనే మందు కొట్టరాదు. ఇది మెగాఖైల్ జాతి తేనెటీగ పని. ఈ ఈగ ఆకును తినదు, గూటికి కొనిపోవును.

ఇది గుంపుగా పట్టు పెట్టదు. బోలు కాడలలో, కొయ్య రంధ్రములలో ఆడ ఈగ ఒంటరిగా గూడు కట్టును. కోల ముక్కలతో గది గోడలు చుట్టి, పుప్పొడి, మకరందము కలిపిన ముద్దనుంచి, ఒక గ్రుడ్డు పెట్టి, గుండ్రని ముక్కలతో మూత వేయును.

రంధ్రము సిద్ధముగా నుండగా ఆకుతో పని ఏమి? మూడు కారణములు చెప్పుదురు.

1. తేమ: ముద్ద ఎండిపోకుండుటకు.
2. మందుగుణము: కొన్ని ఆకులలోని పదార్థములు బూజును అణచుటకు.
3. అడ్డు: ముద్ద కారకుండ, పరాన్నజీవులు చొరకుండ కాపాడుటకు.

ఏది సరియైనది? కెనడాలోని టొరాంటోలో కొన్ని ఈగలు ఆకులతోబాటు ప్లాస్టిక్ సంచి ముక్కలను గూటికి వాడినట్లు 2013లో ప్రచురించిరి. ఆ గదులలోని పిల్లలు పెరిగి బయటకు వచ్చినవి. కావున మందుగుణమే సర్వమనరాదు. అయితే చూచిన గదులు కొద్ది. వాటిలో ఆకు కూడ కలదు. కావున మందుగుణము లేదనియు తేల్చరాదు. మరియొకచోట ప్లాస్టిక్ గొట్టములలో గూళ్లు కట్టించినపుడు పరాన్నజీవుల బెడద తప్పినను, తేమ బయటకు పోక బూజు పట్టి పిల్లలు పెక్కు చచ్చినవి. అనగా అడ్డు ఒక్కటే చాలదు. తేమను కొంత నిలిపి, కొంత పోనిచ్చు గోడ కావలెను. మూడు కారణములును కలసి పనిచేయుననుటయే ప్రస్తుతమునకు సబబు.

మీరును పరీక్షింపవచ్చును. ఒక కొన మూసిన సన్నని వెదురు గొట్టముల కట్టను చేని గట్టున వానకు తడవకుండ కట్టుడు. ఏ మొక్కల ఆకులు కోసినదో చూడుడు. అయితే దగ్గరలో ఆ మొక్కలే హెచ్చుగా నున్నచో అది ఈగ ఎంపిక కాదు, అందుబాటు మాత్రమే. ఆకు పలుచనైనచో కోత సులభమగుటయు కారణము కావచ్చును.

కంది పూలలో పరపరాగ సంపర్కము చేయు కీటకములలో ఈ ఈగలు ముఖ్యములు. సంకర కంది విత్తనోత్పత్తిలో మగవంధ్య మొక్కలు కాయ పట్టుటకు ఇట్టి ఈగలే ఆధారము. నాలుగు ఆకులు పోయిన నష్టము స్వల్పము. ఈగలు పోయిన నష్టము కాయలో కనిపించును. కాయతొలుచు పురుగుకు మందు తప్పనిసరియైనచో, ఈగలు మళ్లిన పిదప సాయంకాలము చల్లవలెను.