జూదరికి పింఛను

పేకాటరాయుడికి పింఛనేమిటి అని నవ్వకండి. ఈ సెమిస్టర్ ప్రాబబిలిటీ పేపర్ కోసం పందేల లెక్కలు చేస్తుంటే నాకు తగిలిన ప్రశ్న ఇది. కంపెనీలో పనిచేసేవాడికి పి.ఎఫ్. ఉంటుంది. జూదమే బతుకుతెరువైనవాడు అరవై దాటాక ఏం తింటాడు? మన కథల్లో ధర్మరాజు, నలుడు ఇద్దరూ రాజ్యాలు పోగొట్టుకుని అడవుల పాలయ్యారు కాబట్టి అక్కడ జవాబు దొరకదు. అమెరికా పన్ను చట్టంలో దొరుకుతుంది, అదీ కాస్త విచిత్రంగా.

అక్కడ ఐ.ఆర్.ఏ. అనే రిటైర్మెంట్ ఖాతా ఉంది. అందులో వేసే డబ్బుకి పన్ను రాయితీ ఇస్తారు. షరతు ఒక్కటే: అది కష్టపడి సంపాదించిన ఆదాయం అయ్యుండాలి. జీతం, లేదా సొంత వృత్తిలో మిగిలిన లాభం. ఉద్యోగం లేని ఒంటరి మనిషికి లాటరీలో పది లక్షల డాలర్లు తగిలాయనుకోండి. పన్ను కట్టాల్సిందే, కానీ ఆ ఏడాది ఐ.ఆర్.ఏ.లో ఒక్క డాలర్ కూడా వేయలేడు. గెలుపు అదృష్టం, సంపాదన కాదు అని లెక్క.

మరి రోజూ ఆడేవాడో? దీనికి జవాబిచ్చిన కేసు 1987 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన గ్రోట్జింగర్ కేసు. రాబర్ట్ గ్రోట్జింగర్ ఇరవై ఏళ్లు ఒక కంపెనీలో సేల్స్, మార్కెట్ రీసెర్చ్ పనులు చేశాడు. 1978లో ఆ ఉద్యోగం పోయింది. అప్పటినుంచి గ్రేహౌండ్ కుక్కల పందేలే వృత్తి. ఆ ఏడాది 48 వారాలపాటు వారానికి ఆరు రోజులు ట్రాక్‌కి వెళ్లాడు, వారానికి 60 నుంచి 80 గంటలు దీనికే పెట్టాడు. మన ఎగ్జామ్స్ ముందు వారం కూడా మనం అంత చదవం! క్రమం తప్పకుండా, లాభం కోసమే, పూర్తికాలం చేస్తున్నాడు కాబట్టి అది వృత్తేనని 6–3 మెజారిటీతో కోర్టు తీర్పిచ్చింది. సరదాకీ కాలక్షేపానికీ ఆడేవాళ్లకి ఇది వర్తించదు.

వృత్తి అనిపించుకోవడం ఊరికే రాదు. అక్కడ సొంత వృత్తివాళ్లు మామూలు ఆదాయపన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా కట్టాలి. సరదా ఆటగాడికి ఈ బెడద లేదు. అయితే రిటైర్మెంట్ తలుపు తెరిచేదీ ఇదే. ఈ పన్నులో పెద్ద భాగం సోషల్ సెక్యూరిటీకి పోతుంది. అందులో 40 క్రెడిట్లు, అంటే మామూలుగా పదేళ్ల సంపాదన ఉంటే ప్రభుత్వ పింఛనుకి అర్హత వస్తుంది. రెండోది, సెప్ ఐ.ఆర్.ఏ., సోలో 401(కె) లాంటి పెద్ద ఖాతాలు తెరవొచ్చు.

ఒక లెక్క వేద్దాం. 2025లో ఓడినవీ ఖర్చులూ పోగా జూదరికి 60,000 డాలర్లు మిగిలాయి. స్వయం ఉపాధి పన్ను ఇందులో 92.35 శాతం మీదే వేస్తారు కనుక అది సుమారు 8,478 డాలర్లు. అందులో సగం, 4,239, లాభంలోంచి తీసేయాలి. మిగిలిన 55,761లో 20 శాతం, అంటే 11,152 డాలర్లు సెప్‌లో వేయొచ్చు. అదే సోలో 401(కె) అయితే ఉద్యోగి వాటా కింద మరో 23,500 వేసి 34,652 దాకా వెళ్లొచ్చు. నలభై ఏళ్ల జూదరికి ఇది చిన్న అవకాశం కాదు.

ఇప్పుడు అసలు మెలిక. గ్రోట్జింగర్ 1978లో పెట్టిన పందేలు 72,032 డాలర్లు, చేతికొచ్చింది 70,000. నికరంగా 2,032 నష్టం! జూదం కూడా వృత్తేనని చరిత్రలో నిలబెట్టిన మనిషికి, నేటి సూత్రం పెట్టి చూస్తే, ఆ ఏడాది జూదం మీద ఖాతాలో వేయగలిగింది సున్నా.

ఇది అతని చేతకానితనం అనుకోవడానికి లేదు. 52 శాతం గెలిచే నిపుణుడు ఒక్కోటి వెయ్యి డాలర్ల సమాన పందేలు ఏడాదికి వెయ్యి వేశాడనుకోండి. సగటు లాభం 40,000. స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 31,600. నార్మల్ కర్వ్ మీద చూస్తే పదింట ఒక ఏడాది నష్టంతోనే ముగుస్తుంది. ఆ నష్టాన్ని మామూలు వ్యాపారిలా వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ వీల్లేదు. పందెం నష్టాలు ఆ ఏటి గెలుపుల వరకే చెల్లుతాయి.

అందుకే నా దృష్టిలో జూదరికి సెప్ బాగా నప్పుతుంది. ప్రతి ఏడూ వేయాలనే నిర్బంధం లేదు. డిసెంబరు 31 దాటి లెక్క తేలాక, రిటర్న్ గడువు లోపల (పొడిగింపు తీసుకుంటే అక్టోబరు దాకా) ఖాతా తెరిచి మరీ వేయొచ్చు. చిక్కల్లా ఒకటే: ఆటోవాలాకి ఆటో ఎలాగో జూదరికి చేతిలోని పెట్టుబడి అలాగ. దాన్ని 59½ ఏళ్లలోపు ఖాతాలోంచి వెనక్కి తీస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, పన్నుకి తోడు 10 శాతం జరిమానా. సెప్‌లోంచి అప్పు తీసుకోవడమూ కుదరదు. సోలో 401(కె)లో మాత్రం పథకం ఒప్పుకుంటే సగం దాకా, 50,000 డాలర్లకి మించకుండా, తీసుకోవచ్చు. అయినా జూదరి తన పింఛను మీద అప్పు తీసి పందెం కాయడం గురించి నేను మాట్లాడను.

మన దగ్గర తీరు తలకిందులు. లాటరీ, గుర్రప్పందెం గెలుపుల మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. ఓడిన టికెట్లు చూపిస్తానంటే వినరు. కానీ పి.పి.ఎఫ్.లో ఏడాదికి లక్షన్నర వేస్తానంటే అది జీతమా, గెలుపా అని అర్హత దగ్గర ఎవరూ అడగరు. ఎన్.పి.ఎస్. కూడా అంతే. ఆ గెలుపు మీద పన్ను రాయితీ మాత్రం దొరకదు.

అమెరికా జూదరికి 2026 నుంచి కొత్త తలనొప్పి మొదలైంది. 2025లో చేసిన చట్టం ప్రకారం పందెం నష్టాల్లో 90 శాతమే పన్ను లెక్కలో తీసేయనిస్తారు. రెండు లక్షలు గెలిచి రెండు లక్షలూ ఓడితే, చేతిలో ఏమీ మిగలకపోయినా 20,000 డాలర్ల ఆదాయం ఉన్నట్టే. దాని మీద కట్టాల్సిన పన్ను కోసం అతను చెయ్యి పెట్టేది ఆ పెట్టుబడి సంచిలోనే.