రోడ్డు ప్రమాదంలో గాయాలు: పరిహార బాధ్యత ఎవరిది?

నగర రహదారిపై ప్రమాదం జరిగిన వెంటనే తరచుగా వినవచ్చే మాట ఒకటుంది: "పోలీసులెందుకు, ఇక్కడే తేల్చుకుందాం." పొరుగు రాష్ట్రం నుంచి పనికోసం వచ్చి, స్థానిక భాష అంతంతమాత్రంగా తెలిసిన వ్యక్తికి ఆ మాట ఊరటగానే తోస్తుంది. నాలుగైదు వేల రూపాయలు చేతిలో పడతాయి, వాహనం వెళ్లిపోతుంది. ఎముక విరిగిందనీ, శస్త్రచికిత్స తప్పదనీ మర్నాడు తెలిసేసరికి ఆ వాహనం నంబరు ఎవరికీ గుర్తుండదు. చట్టం ఇచ్చిన హక్కు అక్కడే చేజారిపోతుంది.

బాధ్యత ఎవరిది?

డ్రైవరు నిర్లక్ష్యం వల్ల గాయం కలిగితే అతనితోపాటు వాహన యజమాని కూడా బాధ్యుడే. ఇతరులకు కలిగే నష్టానికి బీమా లేకుండా వాహనాన్ని రోడ్డు మీదికి తేవడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిషేధించింది. అందువల్ల బీమా ఉన్న వాహనమైతే పరిహారాన్ని సాధారణంగా బీమా సంస్థే చెల్లిస్తుంది. "డ్రైవరు పేదవాడు, అతడేమివ్వగలడు?" అని దావా మానుకోవలసిన అవసరం లేదు.

గాయపడిన వ్యక్తి తప్పు కూడా కొంత ఉన్నంతమాత్రాన దావా కొట్టుబడిపోదు. ఆ తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది. ఢీకొట్టిన వాహనం ఆచూకీ దొరకనప్పుడు సైతం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం కింద తీవ్ర గాయానికి రూ. 50,000, మరణానికి రూ. 2,00,000 లభిస్తాయి.

పరిహారం లెక్క

వైద్య ఖర్చులు, పనిలేక పోగొట్టుకున్న కూలి, పడిన బాధ, మున్ముందు తగ్గిపోయే సంపాదన వేర్వేరుగా లెక్కకు వస్తాయి. చివరిదానికి ఒక ఉదాహరణ: నెలకు రూ. 15,000 సంపాదించే 28 ఏళ్ల తాపీ మేస్త్రీ సంపాదన శక్తి 30 శాతం తగ్గిందనుకుందాం. సుప్రీంకోర్టు తీర్పుల ప్రకారం భవిష్యత్తులో పెరగగల ఆదాయం కింద 40 శాతం కలిపితే నెలకు రూ. 21,000, ఏడాదికి రూ. 2,52,000 అవుతుంది. ఆ వయసుకు గుణకం 17. మొత్తం రూ. 42,84,000. అందులో 30 శాతం, అంటే రూ. 12,85,200.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వైద్యుడు కాలికి రాసిన వైకల్య శాతం, సంపాదనలో కలిగే నష్ట శాతం ఒకటి కావు. వంగని మోకాలు కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకు కలిగించే నష్టం వేరు, నిచ్చెన ఎక్కవలసిన మేస్త్రీకి కలిగించే నష్టం వేరు. కనుక చేసే పని ఏమిటో సాక్ష్యంతో చెప్పడం ముఖ్యం.

మొదటి రోజులలో చేయవలసినవి

వాహనం నంబరు రాసుకోవాలి. వీలైతే ఫోటో తీయాలి. పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా పొందాలి. గాయం రోడ్డు ప్రమాదం వల్లనే కలిగిందని ఆస్పత్రి రికార్డులో నమోదు చేయించాలి. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట పొడి అక్షరంగా పడుతుంటుంది; ఆస్పత్రిలోనూ స్టేషనులోనూ ఆధార్ కార్డులో ఉన్నట్టే రాయించడం మేలు. బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి పత్రం అసలువి దాచుకోవాలి. జీతం చీటీ లేకున్నా దావా చెల్లుతుంది; మేస్త్రీ హాజరు పుస్తకం, బ్యాంకు జమలు, తోటి పనివారి సాక్ష్యం ఆదాయాన్ని నిరూపించడానికి తోడ్పడతాయి.

ఎక్కడ, ఎప్పుడు?

దావాను మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో వేయాలి. బెంగళూరులో స్మాల్ కాజెస్ కోర్టులో ఇటువంటి ట్రిబ్యునళ్లు పనిచేస్తున్నాయి. వలస కుటుంబాలకు మేలు చేసే నియమం ఇది: ప్రమాదం జరిగిన చోటనే గాక, బాధితుడు నివసించే చోట కూడా దావా వేయవచ్చు. బెంగళూరులో గాయపడి, కోలుకోవడానికి మదనపల్లెలోని ఇంటికి చేరి అక్కడే ఉంటున్న వ్యక్తి వాయిదా వాయిదాకూ బెంగళూరు తిరగనక్కరలేదు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలలోగా దావా వేయాలని 2019 సవరణ నిర్దేశించింది, ఆలస్యం తగదు.

మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు, నిర్ణీత పరిమితి లోపు ఆదాయం గలవారికి న్యాయ సేవా సంస్థలు ఉచితంగా న్యాయవాదిని నియమిస్తాయి. సహాయానికి ఫోన్ నంబరు 15100. ఎవరు అడిగినా ఖాళీ కాగితంపై సంతకం చేయరాదు.

రాజీపడడం తప్పు కాదు. అయితే గాయం తీవ్రత పూర్తిగా తేలిన తరువాత, లోక్ అదాలత్ ఎదుట కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దానిపై అప్పీలు ఉండదు గనుక అక్కడ కూడా మొత్తాన్ని లెక్క చూసుకున్న తరువాతే ఒప్పుకోవాలి.