గ్రీకు పురాణగాథలు – ఇంగ్లీషు మాటలు

వ్యాపారపు ఉత్తరములలోను, పత్రికలలోను గ్రీకు పురాణములనుండి వచ్చిన ఇంగ్లీషు మాటలు తరచు కనబడును. కథ తెలియక వాడినచో అర్థము సగమే దక్కును.

మైడాస్ టచ్: పట్టినదెల్ల బంగారమగుట. ఒక వర్తకమిత్రుని మెచ్చుకొనుచు నేనీ మాట వ్రాసితిని. కాలేజీలో చదువుచున్న నా కుమార్తె చూచి, "నాన్నగారూ, ఆ కథ చివరిదాకా చదివారా?" అని అడిగినది. మైడాస్ ఫ్రిజియా రాజు. ఆ దేశము నేటి టర్కీలోనిది. తాను తాకినదెల్ల బంగారము కావలెనని డయోనిసస్ దేవుని వరమడిగెను. తినబోయిన రొట్టెయు బంగారమాయెను! ఆకలికి తాళలేక, వరము వలదని వేడుకొని, పాక్టోలస్ నదిలో మునిగి బయటపడెను. మాట పొగడ్తయే, కథ మాత్రము హెచ్చరిక.

అకిలీస్ హీల్: బలవంతుని యందలి ఒకే బలహీనత. తల్లి థెటిస్ బిడ్డను మడమ పట్టుకొని స్టిక్స్ నదిలో ముంచెను. తడవని ఆ మడమకే బాణము తగిలి అకిలీస్ మరణించెను. "అరువు బేరమే ఆ కొట్టుకు అకిలీస్ హీల్" అనవచ్చును.

ట్రోజన్ హార్స్: కానుకవలె వచ్చిన మోసము. పదేండ్ల ముట్టడికి లొంగని ట్రాయ్ నగరము, శత్రువులు దాగిన కొయ్యగుర్రమును లోనికి తెచ్చుకొని కూలెను.

పిల్లలకు మాటతోపాటు కథయు చెప్పుడు. పద్దులు చూడక మొత్తము వేయుట యెట్టిదో, కథ తెలియక మాట వాడుటయు నట్టిదే.