ఫ్యాక్టరీ ముందా, ఇల్లు ముందా?

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు చూసేవి మూడు: స్కూలు రేటింగు, ఆఫీసుకి దూరం, సింహద్వారం ఏ దిక్కు. వీధి చివరున్న ఖాళీ స్థలం ఏ జోన్‌లో ఉందని అడిగేవాళ్ళు తక్కువ. వాస్తుకి పెట్టే సమయంలో పదోవంతు పెడితే తెలిసే సంగతి అది.

ఊళ్ళో భూమిని నివాసానికి, వ్యాపారానికి, పరిశ్రమలకి అని విడగొట్టి, ఎక్కడ ఏవి ఉండొచ్చో చట్టంగా రాసుకోవడమే జోనింగ్. ఊళ్ళకి ఈ అధికారం ఉందని 1926లో యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పేర్లు ఊరికో రకం. చాలాచోట్ల ఆర్ అంటే నివాసం, సీ అంటే వ్యాపారం, ఎం గానీ ఐ గానీ పరిశ్రమ. ఎం-1 తేలికపాటిది, ఎం-2 భారీది. మరీ ప్రమాదకరమైన వాటికి చాలా ఊళ్ళలో ఎం-2లో కూడా నేరుగా అనుమతి ఉండదు. ప్రత్యేక పర్మిట్ కావాలి, చుట్టుపక్కల వాళ్ళకి నోటీసు పంపాలి, బహిరంగ విచారణ జరపాలి. మనం జంక్ మెయిల్ అనుకుని చింపేసే కవర్లలో ఆ నోటీసు కూడా ఉండొచ్చు.

ఎక్కడ అన్నది జోనింగ్ చెబుతుంది. ఏ రసాయనం ఎంత, ఎలా నిల్వ చెయ్యాలన్నది ఫైర్ కోడ్ చెబుతుంది. రెండూ బలహీనంగా ఉంటే ఏమవుతుందో టెక్సస్‌లో వెస్ట్ అనే చిన్న ఊరు చూసింది. 1960ల మొదట్లో అక్కడ ఎరువుల గోదాము కట్టినప్పుడు చుట్టూ పొలాలే. తర్వాత స్కూళ్ళు, అపార్టుమెంట్లు, ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్ దాని దగ్గరికి జరుగుతూ వచ్చాయి. అమ్మోనియం నైట్రేట్ ఉన్నది చెక్క గదుల్లో, స్ప్రింక్లర్లు లేవు. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం అగ్ని ప్రమాదం, ఆపైన పేలుడు. 15 మంది పోయారు. వాళ్ళలో 12 మంది మంటలార్పడానికి, సాయానికి వెళ్ళినవాళ్ళు. స్కూలు వేళ కాకపోవడం అదృష్టం. టెక్సస్‌లో కౌంటీలకి జోనింగ్ అధికారం దాదాపు లేదు. రాష్ట్రమంతటికీ వర్తించే ఫైర్ కోడ్ కూడా అప్పటికి లేదు.

ఈ కథ మనకి కొత్తా? విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది. ఊరు పెరిగి దాన్ని చుట్టుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై, నిద్రలో ఉన్న వెంకటాపురం మీదికి వచ్చింది. 12 మంది పోయారు.

జోనింగ్‌లో చిక్కు ఇక్కడే. కొత్త నియమం వచ్చినా, అంతకుముందు నుంచీ ఉన్నది సాధారణంగా అలాగే కొనసాగుతుంది. మన భాషలో చెప్పాలంటే బాక్‌వర్డ్ కంపాటిబిలిటీ! పెంచడానికి వీల్లేదు, కొంతకాలం మూసేస్తే హక్కు పోతుంది, అంతే. అందుకని మ్యాపులో పసుపు రంగు చూసి నిశ్చింతగా ఉండలేం. ఫ్యాక్టరీని ఇళ్ళ పక్కకి రానివ్వనివాళ్ళు, ఇళ్ళని ఫ్యాక్టరీ పక్కకి ఎందుకు రానిస్తారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మ్యాపు చెప్పని దాన్ని ఇంకో కాగితం చెబుతుంది. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రమాదకర రసాయనాలు ఒక పరిమితి దాటి ఉంచుకున్నవాళ్ళు ఏటా టియర్ టూ అనే రిపోర్టు ఇవ్వాలి; అది రాష్ట్రానికీ, స్థానిక ఎమర్జెన్సీ కమిటీకీ, ఫైర్ డిపార్టుమెంటుకీ వెళ్తుంది. ఇరుగుపొరుగు కూడా రాతపూర్వకంగా అడగొచ్చు. ఆఫర్ పెట్టే ముందు పార్సిల్ నంబరుతో ప్లానింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఇంటి జోన్‌తో పాటు చుట్టూ ఉన్న స్థలాల జోన్లు, పెండింగులో ఉన్న పర్మిట్లు అడగండి. హ్యూస్టన్‌లో మాత్రం ఆ ప్రశ్న పనికిరాదు. అక్కడ జోనింగే లేదు, 1993లో కూడా ఓటర్లు వద్దన్నారు; డీడ్ కాగితాల్లోని షరతులు చదువుకోవాలి.